ఊరచెరువులో నాలుగు చేపలు

10 ఫిబ్రవరి 2025, సోమవారం

మూడో పీరియడ్ అయ్యి వచ్చేసరికి దేవవ్వ స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో పాత పెయింటు బకెట్టు. తాళ్లకుంట చేపల సొసైటీకి ఆమే అధ్యక్షురాలు. పదిహేనేళ్లు మంచిర్యాల మార్కెట్లో చేపలు కోసి అమ్మిన మనిషి. ఈ చుట్టుపక్కల నీళ్లలో ఆమెకు తెలియని చేప ఉండదు. అలాంటామె బకెట్టు నా కాళ్ల దగ్గర పెట్టి అడిగింది.

"టీచరమ్మా, గిదేం చాప? సైన్సు చెప్తవు గద, నీకెరుకుంటది."

వంగి చూశాను. జానెడున్నర పొడవు. నల్లటి ఒంటి మీద తేనెరంగు మరకలు. పొలుసులు కావవి, పెంకులు. పొట్ట వైపు గుండ్రటి నోరు. ఆ నోటితో బకెట్టు గోడకు అతుక్కుని కదలకుండా ఉంది.

"పొద్దుగాల వల గుంజితే పదింట్ల ఆరు గివే. వల కోస్తెగాని ఊడి రావు. కొయ్యబోతె కత్తి దిగది. ఒడ్డు మీద పారేస్తె కుక్క గూడ మూతి పెట్టలే. అందరు దెయ్యం చాప అంటున్నరు."

"పుస్తకాల్లో చూసి చెప్తాను దేవవ్వా" అన్నాను.

చూడాల్సిన పని లేదు. బకెట్టులోకి వంగిన క్షణమే గుర్తుపట్టాను.

మంచిర్యాలలో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి తలనొప్పి. వంట మా ఆయనే చేశాడు.


11 ఫిబ్రవరి

నాలుగు. నాలుగంటే నాలుగే.


12 ఫిబ్రవరి

రాయకపోతే రోజంతా అదే తిరుగుతోంది. రాసేస్తాను.

బడి సైన్సు ల్యాబులో అద్దాల తొట్టి పెట్టించింది నేనే. 2019లో. చేపలు రంజిత్ దగ్గర తెచ్చాను. రంజిత్ తాళ్లకుంట పిల్లవాడే, చేపలు పట్టే కైలాసం కొడుకు. పదో తరగతి దాకా నా దగ్గరే చదివి, తర్వాత మంచిర్యాలలో రంగుచేపల దుకాణం పెట్టుకున్నాడు. ఎర్రవీ బంగారువీ ఇస్తూ, వాటితో పాటు వేలెడంత నల్ల చేపలు నాలుగు సంచిలో వేశాడు. "సక్కర్ ఫిష్ మేడం. ఇవుంటె అద్దానికి పాచి పట్టది."

2020 మార్చిలో కరోనా అని బడులు మూశారు. పది రోజుల తర్వాత తాళం తీయించి చూస్తే రంగుచేపలన్నీ చచ్చి తేలుతున్నాయి. ఆ నాలుగే బతికి ఉన్నాయి. అప్పటికి జానెడు పెరిగాయి. ఇంట్లో చోటు లేదు. చంపడానికి చేతులు రాలేదు. ఆయన స్కూటీ మీద నీళ్ల బకెట్టు తెచ్చాడు. బడి వెనకాలే తాళ్లకుంట ఊరచెరువు. తూము పక్కన నీళ్లలోకి దిగి ఒక్కొక్కటే వదిలాను. సంతోషంగా అనిపించింది. ఆ రోజుల్లో రోజూ చావు వార్తలే వినేవాళ్లం, నాలుగు ప్రాణాలు కాపాడాను అనుకున్నాను.

అంతకు మూడు నెలల ముందే పదో తరగతి పేపరు సెట్ చేశాను. అందులో నాలుగు మార్కుల ప్రశ్న: 'బయటి జాతి చేపలను మన చెరువుల్లో వదిలితే కలిగే నష్టాలు రాయండి.'

పిల్లలు బాగానే రాశారు.

అయినా నాలుగు చేపలతో చెరువు నిండుతుందా? నాలుగూ మగవే కావచ్చు. కాలువ నీళ్లలో కొట్టుకొచ్చి ఉండొచ్చు. బయటి నుంచి తెచ్చి పోసే చేపపిల్లల్లో కలిసి ఉండొచ్చు.

ఎన్ని దారులున్నాయో.


17 ఫిబ్రవరి

మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక చెరువు కట్ట ఎక్కాను. ఎందుకు వెళ్లానో తెలియదు, వెళ్లాను.

పోశం వల గుంజుతున్నాడు. ఆయన పిల్లలిద్దరూ మా బడిలోనే చదివారు. వల ఒడ్డుకు వస్తుంటే రవ్వలూ బొచ్చెలూ ఎగిరిపడతాయి గదా, ఆ చప్పుడే లేదు. నల్లగా, బరువుగా, రాళ్లు లాక్కొచ్చినట్టు వచ్చింది. నా కళ్ల ముందే పోశం ఒకదాన్ని విడిపించబోతే రెక్క ముల్లు కుడి చూపుడువేలి మొదట్లో దిగింది. నెత్తురు కారింది. బురద నీళ్లలో కడుక్కుని, కండువా చుట్టుకున్నాడు.

"దవాఖానకు పో పోశం. నీకు షుగరుంది."

"గింత ముల్లుకు దవాఖానేంది టీచరమ్మా. ముండ్లతోనే పుట్టినోళ్లం" అని నవ్వాడు. నవ్వుతూనే వల చూపించాడు. మూర మూరకూ బొక్క. "గిది చూస్తెనే పరేషాన్ అయితుంది."

నేనే ఆటో ఎక్కించి తీసుకుపోయి ఉండాల్సింది. ఐదో పీరియడ్ ఉందని వచ్చేశాను.


23 ఫిబ్రవరి, ఆదివారం

సొసైటీ మీటింగుకు నన్ను పిలిచారు. చేప పేరు, ఊరు, తత్వం చెప్పాను. దక్షిణ అమెరికా నదుల చేప అని, నీళ్లు లేకున్నా గంటలకొద్దీ బతుకుతుందని, కట్టలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుందని, ఇక్కడ దీన్ని తినే జీవి లేదు కాబట్టే పెరుగుతోందని. చక్కగా చెప్పాను. బ్లాక్ బోర్డు ఒక్కటే తక్కువ.

దేవవ్వ చివరి మాట పట్టుకుంది.

"తినేటోళ్లు లేకనే పెరుగుతుందంటున్నవు. మరి మనం తింటె?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "గీ చాప వాళ్ల దేశంల తింటరా, తినరా? గది చెప్పు."

"తింటారు. నిప్పుల మీద కాలుస్తారు."

అంతే. కట్ట మీదనే తుమ్మకట్టెలు పేర్చింది. నిప్పులయ్యాక పది చేపలు వరసగా పెట్టింది. పెంకు నల్లబడి, చిట్లి, కొబ్బరి చిప్పలా విడిపోయింది. లోపల తెల్లటి కండ. కాస్త బురద వాసన. ఆమె పసుపూ ఉప్పూ వేసి రెండుసార్లు కడిగి, చింతపండు పులుసులో ఎల్లిగడ్డ కారం దంచి వేసి, దించే ముందు కొత్తిమీర చల్లింది. ఆకులో పెట్టి నాకే మొదట ఇచ్చింది.

"ముందుగాల టీచరమ్మ తినాలె. అప్పుడు మనకు ధైర్యం."

యాభై మంది నా నోటి వైపు చూస్తున్నారు. తిన్నాను. బాగుంది. నిజంగానే బాగుంది. అది మింగడమే కష్టమైంది.

"కొర్రమట్టంత రుచి లేదు గని, పర్వాలే" అన్నాడు పోశం. చేతికి ఇంకా ఆ కండువాయే ఉంది. వేలు ఉబ్బింది.

వలలో పడ్డ దెయ్యం చేపను ఎవ్వరూ మళ్లీ నీళ్లలో వేయకూడదనీ, బుధవారం, ఆదివారం ప్రతి ఇంట్లో అదే కూర అనీ తీర్మానం చేసుకున్నారు. అంతా అయిపోయి లేచేవేళకు ఎవరో ఫోనులో వీడియో చూస్తూ గట్టిగా అన్నారు, "గివి అద్దాల తొట్లల్ల పెంచే చాపలట!"

తలలన్నీ కైలాసం వైపు తిరిగాయి.

కైలాసం ఆకు కింద పెట్టి లేచాడు. "నా కొడుకు గసొంటి పని చెయ్యడు. వాడు గీ చెరువు నీళ్లు తాగి పెరిగిండు."

"మరి యాడికెళ్లి వచ్చినయ్? టీచరమ్మా, నువ్వేమంటవు?"

"కాలువలో కూడా వచ్చి ఉండొచ్చు" అన్నాను.

"ఉండొచ్చు అంటున్నది. వచ్చినయి అంటలేదు" అన్నారు వెనక నుంచి.


24 ఫిబ్రవరి

నేను కైలాసం తరఫునే మాట్లాడాను. కాలువ పేరు చెప్పింది అందుకే.


3 మార్చి

పేపరులో ఫొటో వచ్చింది. జిల్లా పేజీలో. నేను, దేవవ్వ, మధ్యలో పళ్లెం. 'తిని తరిమేస్తున్నారు' అని హెడ్డింగు. ఉపాధ్యాయురాలు మమతారాణి చొరవతో అని రాశారు. హెడ్మాస్టరు ప్రేయర్‌లో చదివి వినిపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా ఆయన విజయేందర్ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్జు మీద అంటించాడు. గనిలో క్లర్కు ఉద్యోగం ఆయనది. ఆఫీసులో అందరికీ చూపించాడట.

"ఆ రోజు బకెట్టు మోసింది నువ్వే కదా" అన్నాను.

"మోసిన. అయితేంది? ఇప్పుడు నీతోనే మంచయితుంది గద" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నిద్రపోయాను.


9 మార్చి, ఆదివారం

పోశం వేలు తీసేశారు.

పది రోజులు ఏవో ఆకుపసర్లు కట్టుకున్నాడట. వేలు నల్లబడ్డాక మంచిర్యాల తీసుకొచ్చారు. షుగరు ఎక్కువ ఉంది, ఆలస్యమైంది, వేలు తీయకపోతే చెయ్యంతా పాకేదన్నారు డాక్టర్లు. నేను వెళ్లేసరికి వార్డులో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య నాగవ్వ నాకు స్టూలు వేసింది. నారింజలు తీసుకెళ్లాను. నారింజలు.

"వల పట్టే వేలు టీచరమ్మా" అంది నాగవ్వ. "తాడు బిగిచ్చేది గా వేలుతోనే."

పోశం తిరగకుండానే అన్నాడు, "గా కైలాసం కొడుకు చెయ్యబట్టి."

నేను నాగవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఏడ్చాను కూడా. ఆమె నన్నే ఓదార్చింది.


11 మార్చి

తాళ్లకుంట నుంచి రెండు ఆటోల్లో వచ్చి రంజిత్ దుకాణంలో తొట్లన్నీ పగలగొట్టారు. బడిలో ఉండగానే తెలిసింది. కైలాసాన్ని ఈ సీజను మొత్తం చెరువులో దిగొద్దన్నారు.

విజయేందర్‌తో అన్నాను, చెప్పేద్దామని. ఆయన టీవీ సౌండు తగ్గించాడు.

"ఏమని చెప్తవ్? అయిదేండ్ల కింద నాలుగు చాపలు ఇడిసిన, గవే ఇవి అని? ఎవలకెరుక గవేనో కాదో? వాళ్లు దుకాణం పలగ్గొట్టినోళ్లు మమతా. బడికి రారా? నీ నౌకరీ సంగతేంది?"

"మరి రంజిత్?"

"వానిది ఎట్లయిన పోయింది. చెప్తె తిరిగొస్తదా?"

ఆయన చెడ్డవాడు కాదు. నేను వినాలనుకున్నదే చెప్పాడు.


16 మార్చి, ఆదివారం

రంజిత్ దుకాణానికి వెళ్లాను.

షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల నేలంతా తడి. రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, గాజు ముక్కలు ఒక మూలకు ఊడ్చి ఉన్నాయి. రంజిత్ గోనెసంచిలోకి ఎత్తుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, మిగిలిన ఒక్క కుర్చీ వేశాడు.

"మీరెందుకొచ్చిన్రు మేడం, గాజు గుచ్చుకుంటది."

మళ్లీ గాజు ముక్కలు ఎత్తడం మొదలుపెట్టాడు. తర్వాత అతనే అడిగాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"మేడం, బడి తొట్టిల నేను నాలుగు ఇచ్చిన. గుర్తుందా? అవేమైనయి?"

ఇదిగో, ఇక్కడ చెప్పాలి. దారంతా అనుకుంటూ వెళ్లింది అదే.

"చచ్చిపోయాయి రంజిత్. లాక్‌డౌన్‌లో. అన్నీ చచ్చిపోయాయి."

అతను తల ఊపాడు. సంచి మూతి కట్టాడు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"అయితే నాతోనే అయింది మేడం."

"నీతో ఎలా?"

"ఇరవై రెండుల వరదలొచ్చినప్పుడు దుకాణంలకు నీళ్లొచ్చె గద. తొట్లన్నీ ట్రాలీల ఏసుకోని ఊరికి తెచ్చిన. మా ఇంటి ముంగట పెట్టి, మురికి నీళ్లు మోరీల పారబోసిన. మా మోరీ పోయి చెరువులనే కలుస్తది. సక్కర్ పిల్లలు ఉండె గా నీళ్లల్ల, ఉన్నట్టున్నయి. చూసుకోలే. మీ నాలుగు ఏమన్న ఇడిసిన్రేమో అని ఒక్క ఆశ ఉండె మేడం. తప్పుగ అనుకోకున్రి. మీ మీదికి తోసెయ్యాలని కాదు."

"తప్పుగా అనుకోను" అన్నాను.

అన్నాను.

వచ్చేటప్పుడు రోడ్డు దాకా వచ్చి ఆటో ఆపి ఎక్కించాడు.


17 మార్చి

అతనే అన్నాడు మోరీ సంగతి. నేను అనలేదు. కావచ్చు కదా. నిజంగానే అతని చేపలే కావచ్చు. రెండువేల ఇరవై రెండు జూలై. అప్పటి నుంచి రెండున్నరేళ్లు. లెక్క సరిపోతుంది.


18 మార్చి

సరిపోతుంది.


30 మార్చి, ఉగాది

వేపపువ్వు తెచ్చి పెట్టాడు ఆయన. పచ్చడి చేయలేదు. అడగలేదు కూడా.


2 ఏప్రిల్

పోశాన్ని చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. ఎడమ చేత్తో వల అల్లడం నేర్చుకుంటున్నాడు. మూడు ముడులు వేస్తే రెండు జారిపోతున్నాయి. నాగవ్వ చాయ్ పెట్టింది. ఆమె బుధవారం కూర ఎలా వండుతుందో చెప్పింది. ఇప్పుడు ఊరంతా ఎవరి పద్ధతి వాళ్లకుందట, ఒకరు పెంకు కింది నుంచి కోసి కండ తీస్తారట, ఒకరు ఉడకబెట్టి ఒలుస్తారట. పిల్లలు తోక ముక్కలకు కొట్లాడుకుంటున్నారట.

పోశం ఉన్నట్టుండి అన్నాడు. "మొట్టమొదలు పడ్డది నా వలకే టీచరమ్మా. నాగవ్వకు కరోనా వచ్చి లేసిన ఎండకాలం. వింతగున్నదని ఫోటో దిగిన. చూస్తవా?"

పగిలిన ఫోనులో చాలాసేపు వెతికి చూపించాడు. అతని అరచేతిలో నల్లటి చేప. పెద్దది కాదు, జానెడు కన్నా తక్కువ, నేను వదిలిన వాటికన్నా చిన్నది. అంటే పుట్టింది చెరువులోనే. పైన తారీఖు ఉంది: 14 మే 2021.

వరద వచ్చింది ఆ మరుసటి ఏడు.

చాయ్ తాగేసి గ్లాసు కడిగి పెట్టి వచ్చాను. పోశానికి ఆ తారీఖుతో పని లేదు. రంజిత్ మోరీ సంగతి అతనికి తెలియదు. రెండూ తెలిసింది నా ఒక్కదానికే.


6 ఏప్రిల్, ఆదివారం

కట్ట మీద వంట. నెలన్నరలో పట్టినవి పదమూడు క్వింటాళ్లు దాటాయని దేవవ్వ చెప్పింది. వలలో మళ్లీ రవ్వలు కనబడుతున్నాయి. పదింట్లో ఆరు పడేవి ఇప్పుడు మూడు పడుతున్నాయి. అందరూ నా ఎదుటే చెప్పి సంబరపడ్డారు.

కైలాసం వచ్చాడు. నెల నుంచి ఇటుకబట్టీకి పోతున్నాడు. అరవై ఏళ్ల మనిషి, చేతులు పగిలి ఉన్నాయి. వంట దగ్గరికి రాలేదు. దూరంగా కట్ట కింద నిలబడి దేవవ్వను పిలిచాడు.

"అక్కా, రవ్వలు అద్దు, బొచ్చెలద్దు. గా దెయ్యం చాపలన్న పట్టుకోనియ్యిన్రి. అవి ఎట్లయిన తీసెయ్యాలె గద. నీళ్లల్ల దిగక కాళ్లు ఆడుతలేవే."

దేవవ్వ జవాబు చెప్పకముందే మొగవాళ్లు లేచారు. "నీ కొడుకు ఇడిసె, నువ్వు పడ్తవా? ఇజ్జత్ లేదా? పోశం చెయ్యి చూసి మాట్లాడు."

కైలాసం పోశం చెయ్యి చూశాడు. వెళ్లిపోయాడు.

నేను ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దేవవ్వ నా ఆకులో ఇంకో ముక్క వేసింది. నీళ్లు తాగి మింగాను.

ఇంటికి వచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నాను. చేపది తప్పు కాదు.


13 ఏప్రిల్

వచ్చే ఆదివారం నాకు సన్మానమట. శాలువా తెచ్చారట. వద్దన్నాను. "నువ్వద్దంటె మేం వింటమా" అంది దేవవ్వ.

విజయేందర్‌కు పోశం ఫొటో సంగతి చెప్పాను. "నువ్వు ఏమన్న చెయ్యి" అన్నాడు. "నన్నడగకు."


20 ఏప్రిల్, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక్కటి కూడా బాగు చేయకుండా.

పదకొండు గంటలకు కట్ట మీద షామియానా. శాలువా, పూలదండ, పళ్లెంలో కొబ్బరికాయ. దేవవ్వ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె మాట్లాడబోతుండగా రంజిత్ వచ్చాడు. వెనక కైలాసం. గోల మొదలైంది. రంజిత్ ఎవరినీ చూడలేదు. నేరుగా పోశం ముందుకు వెళ్లి వంగి రెండు కాళ్లూ పట్టుకున్నాడు.

"పోశం కాకా, నాతోనే అయింది. తెల్వక అయింది గని, నాతోనే. వరదలప్పుడు నీళ్లు మోరీల పోసిన. మా బాపుకు ఏం సంబంధం లేదు. ఆయన్ను చెరువుల దిగనియ్యిన్రి. నన్నేమన్న అనున్రి."

పోశం కాళ్లు వెనక్కి లాక్కోలేదు. రంజిత్‌ను లేపనూ లేదు. నాలుగు వేళ్ల చెయ్యి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను లేచాను. ధైర్యం వల్ల కాదు. ఇంకొక్క క్షణం అక్కడ కూర్చోవడం చేతకాక లేచాను.

"రంజిత్ కాదు. నేను వదిలాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. బడి తొట్టి, మార్చి నెల, బకెట్టు, తూము. నాలుగు చేపలు.

దేవవ్వ నా భుజం పట్టుకుంది. "శిష్యుడని కాపాడుతున్నవు టీచరమ్మా. నువ్వు గసొంటిదానివి కాదు. కూసో."

"పోశం, ఫోనులో ఫొటో చూపించు" అన్నాను. "అది ఇరవై ఒకటి మేలో తీసింది. వరద వచ్చింది ఇరవై రెండులో. రంజిత్ నీళ్లు పారబోసేసరికే ఇవి ఈ చెరువులో పుట్టి ఏడాది దాటింది. అతని చేపలు కావు. నావి. నెల కిందట అతను నన్ను అడిగాడు. చచ్చిపోయాయని అబద్ధం చెప్పాను. అందుకే తనే చేశాననుకుంటున్నాడు."

అప్పుడు నమ్మారు. నమ్మడం ఎలా ఉంటుందో చూశాను. దేవవ్వ చెయ్యి నా భుజం మీది నుంచి మెల్లగా తీసేసింది.

తిడతారనుకున్నాను. మొగవాళ్లలో ఒకరిద్దరు అరిచారు. కానీ వాళ్ల గొంతు కూడా నిలబడలేదు, ఎందుకంటే రెండు నెలలుగా అరుస్తున్నది రంజిత్ మీద. నాగవ్వ ఒక్కతే దగ్గరికి వచ్చింది.

"దవాఖానల నా చెయ్యి పట్టుకోని ఏడిస్తివి గద. గప్పుడెరుకేనా నీకు?"

"ఎరుకే" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లి పోశం పక్కన కూర్చుంది.

రంజిత్ నేల మీదే కూర్చుని ఉన్నాడు. నా వైపు చూస్తున్నాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లెక్క తప్పు చెప్పిన టీచరు వైపు పిల్లలు చూస్తారే, అలా చూశాడు.

"చచ్చిపోయినయన్నరు గద మేడం. నేను నమ్మిన."

శాలువా మడత విప్పనేలేదు. దేవవ్వ దాన్ని సంచిలో పెట్టేసింది. నన్ను చూడకుండా అంది, "పో టీచరమ్మా. ఇయ్యాల పో."


21 ఏప్రిల్

కైలాసం పొద్దున్నే చెరువులో దిగాడట. దుకాణం పగలగొట్టినవాళ్లే వెళ్లి పిలుచుకొచ్చారట. స్టాఫ్ రూంలో చెప్పుకుంటుంటే విన్నాను. నాతో ఎవరూ చెప్పలేదు.


23 ఏప్రిల్

ఇవాళ్టితో బడి ఆఖరు, రేపటి నుంచి వేసవి సెలవులు. మండల ఆఫీసు నుంచి మెమో వచ్చింది, వివరణ ఇవ్వమని. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. ఒక పేజీ కూడా కాలేదు.

ఫ్రిజ్జు మీది పేపరు ముక్క లేదు. ఆయన తీశాడో, ఊడి పడిందో.


27 ఏప్రిల్

రంజిత్ ఫోను ఎత్తడు. దుకాణం గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. భైంసాలో ఎవరి దగ్గరో పనికి కుదిరాడని పక్క పండ్ల బండి ఆయన చెప్పాడు. ఒక ఉత్తరం రాశాను. మూడు సార్లు రాశాను. ప్రతిసారీ అందులో నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించే పని కూడా అతని నెత్తినే పెడుతున్నట్టుంది. చింపేశాను.


4 మే, ఆదివారం

చెరువు సగానికి ఎండింది. తూము వైపు కట్టలో వందల బొరియలు తేలాయట. నీళ్లు తగ్గినా చేపలు వాటిలోనే తడి పట్టుకుని బతికి ఉన్నాయట. వానలు పడేలోగా తవ్వి తీయకపోతే మళ్లీ మొదటికి వస్తుంది, కట్ట కూడా నిలవదు. ఇదంతా ఫిబ్రవరిలో నేనే చెప్పాను.

రేపటి నుంచి ఊరంతా తవ్వుతుందట. విజయేందర్ నన్ను పోవద్దన్నాడు. వెళ్తాను. పాత చీర తీసి పెట్టుకున్నాను.


5 మే

ఏడున్నర బస్సుకు వెళ్లాను. ఎవరూ పలకరించలేదు. పార ఎవరూ ఇవ్వలేదు. చేతులతోనే బురద తవ్వాను. మధ్యాహ్నానికి మూడు చేపలు తీశాను. వచ్చేశాను.


6 మే

ఏడు.


7 మే

వేలికి ముల్లు దిగింది. వెంటనే దవాఖానకు వెళ్లాను. సూది వేయించుకున్నాను. నాకు తెలుసు కదా, వెంటనే వెళ్లాలని.


9 మే

పొద్దున నేను వెళ్లేసరికి నేను తవ్వే చోట ఒక పార, పాత ఇనుప గంప ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

పదిహేను తీశాను.


11 మే, ఆదివారం

ఎండ నిప్పులు కురిసింది. తూము పక్కన ఒక బొరియ భుజం దాకా లోతుంది. చెయ్యి పెట్టాను, లోపల కదులుతోంది కానీ అందలేదు. పక్కనెవరో వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. కైలాసం. నన్ను చేత్తో పక్కకు జరగమని చూపించి, తను పైనుంచి పారతో మట్టి తీశాడు. బొరియ కప్పు కూలింది. మూరెడు పొడవున్న చేప. ఇప్పటిదాకా చూసిన వాటిలో అదే పెద్దది. తోక పట్టుకుని నా గంపలో వేశాడు.

"రెక్కల కాడ పట్టద్దు" అన్నాడు. "తోక కాడ పట్టాలె. పట్టి ఎన్కకు గుంజాలె."

"రంజిత్ ఎలా ఉన్నాడు?"

ఇంకో రెండు పారల మట్టి తీశాడు. "ఉన్నడు" అన్నాడు. లేచి తన చోటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అందరూ నీడకు వెళ్లారు. నేను తూము మెట్టు మీద డబ్బా విప్పుకున్నాను. పెరుగన్నం తెచ్చుకున్నాను. నాగవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది. నన్ను చూడలేదు. డబ్బా మూత తిప్పి పెట్టి, జొన్నరొట్టె వేసి, దాని మీద రెండు పెద్ద ముక్కలూ పులుసూ పోసింది.

వద్దని అనబోయాను.

"తిను" అంది. "ఇంక మస్తున్నయి చెరువుల."

పక్కనే నిలబడింది, మొత్తం తినేదాకా. తిన్నాను. ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.